కింది ఎడమ మూల

మంగళవారం. సాయంత్రం 5:25.

మదనపల్లె టమోటా మార్కెట్‌కు దగ్గర్లో ఒక ఇరుకు సందు. అందులో పాత మేడ. కింద కుట్టుమిషన్ల షాపు, ఆ రోజు మూసి ఉంది. పైన జిలాన్ కెమెరాలు రిపేరు చేసే గది.

ఆ గదికి ఎక్కే ఇనుప మెట్ల కింద జిలాన్ వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక నెత్తురు మడుగు కట్టింది. అరవై దాటిన మనిషి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

సి.ఐ. మారప్ప శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"జారి పడినాడు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ చెంగయ్య. "మెట్లు సూడండి, ఎంత నిటారుగా ఉండాయో."

జిలాన్ కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. మారప్ప వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

లోపల ఒక తెల్ల దారం. దాని కొసకు చిరిగిన అట్టముక్క.

"ఇదేందమ్మా?"

గోడకు ఆనుకుని నిలబడిన హఫ్సా కళ్ళు తుడుచుకుంది. జిలాన్ ఒక్కగానొక్క కూతురు. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. డ్యూటీ దిగి 5:10కి వచ్చి, తండ్రిని మొదట చూసింది ఆమే.

"రిపేరుకొచ్చిన ప్రతి లెన్స్‌కూ మా అబ్బా దాని ఓనర్ పేరు రాసి అట్ట కడతాడు సార్. ఆ దారమే ఇది."

"పేరుండే ముక్క యాడ పోయింది?"

హఫ్సా తల అడ్డంగా ఊపింది.

"జారి పడేవాడు మెట్ల కమ్మీ పట్టుకుంటాడు చెంగయ్యా," అన్నాడు మారప్ప లేస్తూ. "దారం పట్టుకోడు. దీన్ని ఎవరో ఈయప్ప చేతిలోంచి లాక్కున్నారు."

5:40. పై గది.

బల్ల మీద స్క్రూడ్రైవర్లు వరసగా ఉన్నాయి. ఏదీ చెదరలేదు. కిటికీ దగ్గర ట్రైపాడ్, దాని మీద కెమెరా. కెమెరా నోరు తెరుచుకుని ఉంది. లెన్స్ లేదు.

హఫ్సా అక్కడే ఆగిపోయింది.

"సార్, అబ్బా ఇట్ల పెట్టడు. లోపలికి దుమ్ము పోతాదని లెన్స్ తీసిన మరుక్షణం మూత పెడతాడు."

"అంటే తీసింది మీ నాయన కాదు."

"కాదు సార్."

మారప్పకు కెమెరాల సంగతి తెలియదు. తెలియనిది అడగడానికి అతనికి సిగ్గు లేదు. కెమెరా మూతికున్న ఇనుప కడియాన్ని చూపించాడు.

"అడాప్టర్ సార్. లెన్స్‌ను కెమెరాకు తగిలించే మూతిని మౌంట్ అంటారు. ముందు ఒక రకం మౌంట్ ఉండె. కొన్నేండ్లుగా అదే కంపెనీ కొత్త మౌంట్ తెస్తాండాది. పాత లెన్స్ కొత్త కెమెరాకు తగలాలంటే మధ్యలో ఈ కడియం పెట్టాల. కడియం రవ్వంత వంకరున్నా ఫోటో ఒక పక్క మసకబారతాది. అందుకే అబ్బా ప్రతి లెన్స్‌నూ రెండు కెమెరాల్లోనూ పెట్టి సూస్తాడు. ముందు పాత మౌంట్ దాంట్లో, తర్వాత కొత్తదాంట్లో."

"దేన్ని ఫోటో తీస్తాడు?"

ఆమె కిటికీలోంచి చూపించింది. సందుకు అవతల సున్నం వేయని ఇటుకల గోడ.

"ఇరవై ఏండ్లుగా ఆ గోడే సార్. ట్రైపాడ్ కాళ్ళకు నేల మీద గుర్తులు కూడా ఉండాయి."

బల్ల మీద పాత మౌంట్ కెమెరా, ట్రైపాడ్ మీద కొత్తది. రెండింటిలోని కార్డులూ కంప్యూటర్‌లో పెట్టి చూశారు. ఆ రోజు చివరి ఫోటోలు రెండు.

పాత కెమెరాలోది 4:31కి. కొత్త కెమెరాలోది 4:36కి.

మొదటిది అద్దంలా ఉంది. రెండోది కూడా బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. కింద, ఎడమ మూల. అక్కడ ఇటుకల మధ్య సందులు ఒక్కొక్కటి రెండేసి గీతలుగా చీలి కనిపిస్తున్నాయి.

హఫ్సా ఆ మూలను పెద్దది చేసింది, మళ్ళీ పెద్దది చేసింది.

"ఏమైందమ్మా?"

ఆమె వేరే ఫోల్డర్ తెరిచింది. ఇదే కెమెరాతో తీసిన మూడేళ్ళ కిందటి ఫోటో. అదే గోడ. అదే మూల. అవే జంట గీతలు. రెండూ పక్కపక్కన పెట్టింది. మారప్ప కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఈ గీతకు ఆ గీతకు వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది తాహిర్ భాయ్ లెన్స్ సార్. ఒకసారి కింద పడి లోపలి గాజు పక్కకు జరిగింది. పెండ్లిండ్ల సీజన్ అయినాక సరిచేస్తానని అబ్బా అన్నాడు. అంతలోనే..."

"ఏ తాహిర్?"

"మా ఫుప్పు కొడుకు, అంటే మేనత్త కొడుకు. పుంగనూరు. రెండేండ్ల కిందట పెద్దపంజాణి దగ్గర బైక్ యాక్సిడెంట్‌లో చనిపోయినాడు. కెమెరా బ్యాగ్ దొరకలా."

మారప్ప కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

తాహిర్. ఇరవై నాలుగేళ్ళు. తెల్లవారుజామున ముహూర్తానికి ఫోటోలు తీయడానికి పోతూ కల్వర్టు పక్కన చచ్చి పడి ఉన్నాడు. అప్పుడు ఆ వైపు ఎస్.ఐ. మారప్పే. పైగా ఆ వారం జాతర బందోబస్తు. నిద్రమత్తులో బండి అదుపు తప్పిందని రాసి, నాలుగు రోజుల్లో ఫైలు మూసింది అతనే. బ్యాగ్ ఏమైందని తల్లి లాల్ బీ మూడుసార్లు స్టేషన్‌కు వచ్చింది. దారినపోయే దొంగ ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడని చెప్పి పంపించాడు.

హఫ్సాకు ఆ సంగతి తెలుసా? తెలిసినా ఆమె ముఖంలో కనబడలేదు. అది అతనికి ఇంకా కష్టంగా ఉంది.

"ఈ మోడల్ లెన్స్ ఈ నెల ఎవరెవరు తెచ్చినారు?"

"ముగ్గురు సార్. మా ఖైసర్ మామూ, ఈ ఊరే. పుంగనూరు నరేష్. కుప్పం కిరణ్. ముగ్గురూ పెండ్లి ఫోటోలు తీసేవాళ్ళే. ఈ పొద్దు ఫోటోగ్రాఫర్ల మీటింగ్ అని ముగ్గురూ ఈడనే ఉండారు."

"తాహిర్ లెన్స్ నెంబరు ఉండాదా?"

"లేదు సార్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎవరూ రాసి పెట్టలా."

బుధవారం. పొద్దున 8:30. మదనపల్లె.

ఖైసర్ జిలాన్ బావమరిది. నలభై ఐదేళ్ళ మనిషి. మాట్లాడుతూ చేతులు నలుపుకుంటున్నాడు.

"సోమవారం మీ బావతో గొడవ పడినావంట?"

"పడినా సార్. నా ఫోటోలు మసకొస్తాండాయి, నువ్వు లెన్స్ చెడగొట్టినావని అరిసినా. లెన్స్‌లో ఏం లేదురా, నీ కడియమే వంకరని ఆయన. వినకుండా లెన్స్ తీసుకుని వచ్చేసినా."

"నిన్న నాలుగున్నరకు యాడుండావు?"

"ఇంట్లో. ఒంటరిగా."

10:20. పుంగనూరు.

నరేష్ స్టూడియోలో ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. అతని మాట తూకం వేసినట్టుంటుంది.

"మీటింగ్ రెండింటికి అయిపోయింది. రెండూ పదికి లెన్స్ తీసుకున్నా. నాలుగున్నరకు ఇంకా మదనపల్లెలోనే, బట్టల షాపులో ఉండా. తాహిర్ మొదట నా దగ్గరే పని చేసినాడు సార్. తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. అబద్ధం యాల చెప్పల్ల? చచ్చిపోయినంక ఏం కోపం సార్."

2:05. కుప్పం.

కిరణ్ చిన్న స్టూడియో రైల్వే స్టేషన్ రోడ్డులో. ముప్పై ఏళ్ళుంటాయి. నవ్వుముఖం. టీ తెప్పించాడు.

"నిన్న పొద్దున పదిన్నరకే లెన్స్ తీసుకున్నా సార్, మీటింగ్‌కు ముందు. మళ్ళీ ఆ సందులోకి పోలా. సాయంత్రం దాకా బజార్లో తిరిగి, ఆరింటికి కారెక్కినా."

"లెన్స్ యాడ కొన్నావు?"

"బెంగళూరులో సార్. సెకండ్ హ్యాండ్."

"బిల్లు?"

"సెకండ్ హ్యాండ్‌కు బిల్లు యాడిది సార్?" కిరణ్ లెన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "తీసుకుపోండి. బాగా పరీక్ష చేసుకోండి."

మూడు లెన్సులకూ రబ్బరు పట్టీలు కొత్తవే. చూపుకు మూడూ ఒకటే. మారప్ప ఒక్కొక్కదాన్నీ వేరే కవర్లో పెట్టి సీల్ వేయించాడు. ఇక ఎవరూ మార్చలేరు.

గురువారం. సాయంత్రం 4:30.

జిలాన్ గది. అదే కిటికీ, అదే గోడ, అదే వెలుగు. ముగ్గురినీ తమ తమ కెమెరాలతో రమ్మన్నాడు మారప్ప. సీల్ విప్పి ఎవరి లెన్స్ వాళ్ళకే ఇచ్చాడు.

"నేల మీద గుర్తులుండాయి. ఆడ నిలబెట్టి తీయండి."

నరేష్‌ది పాత మౌంట్. పెద్ద, బరువైన కెమెరా. ఫోటో నాలుగు మూలలా శుభ్రంగా వచ్చింది.

కిరణ్‌ది కూడా పాత మౌంటే. చిన్నది, చేతిలో తేలిగ్గా ఉంది. ఫోటో అంచు నుంచి అంచు దాకా కత్తిలా వచ్చింది.

ఖైసర్‌ది కొత్త మౌంట్. కడియం పెట్టి తీశాడు. ఫోటో తెర మీదకు రాగానే చెంగయ్య ముందుకు వంగాడు.

"మసక సార్! దొరికినాడు!"

ఖైసర్ ముఖం పాలిపోయింది. "సార్, అల్లా మీద ఒట్టు..."

"మాట్లాడొద్దు. చెంగయ్యా, జీప్ తెప్పించు."

"ఆగండి సార్."

హఫ్సా గొంతు పెద్దది కాదు. కానీ అందరూ ఆగారు.

"మామూ ఫోటోలో మసక కుడి పక్కన పైనుంచి కింది దాకా ఉండాది. మనం వెతికేది కింది ఎడమ మూల. ఇది లెన్స్‌ది కాదు, కడియం వంకర. ఇదే లెన్స్‌ను నరేష్ అన్న కెమెరాకు నేరుగా పెట్టి తీయండి."

పెట్టి తీశారు. మసక మాయమైంది.

ఖైసర్ గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బావ ఇదే చెప్పినాడు. ఆఖరి మాట కూడా అరిసే వచ్చినా."

మారప్ప మళ్ళీ మూడు లెన్సులకూ సీల్ వేయించాడు. ముగ్గురినీ పంపేశాడు. అతని చెవులు వేడెక్కి ఉన్నాయి. రెండేళ్ళ కిందట చేసిన పనే మళ్ళీ చేయబోయాడు. చేతికి అందిన జవాబును పట్టుకోబోయాడు.

మూడు లెన్సుల్లోనూ తప్పు లేదు. మరి తాహిర్ లెన్స్ ఏది?

సాయంత్రం 6:50. అదే గది. మారప్ప, హఫ్సా ఇద్దరే.

చచ్చిపోయిన రోజు జిలాన్ తీసిన రెండు ఫోటోలనూ అచ్చు వేయించి బల్ల మీద పరిచాడు. ఈ రెండు రోజులూ అందరూ రెండోదాన్నే చూశారు. తప్పున్నది దాంట్లోనే కదా. మారప్ప మొదటిదాన్ని దగ్గరికి లాక్కున్నాడు. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రామసముద్రంలో అతని తాత ఇటుక బట్టీ నడిపాడు. ఇటుకలు లెక్కపెట్టడం అతనికి వచ్చు.

"అమ్మా, రెండు ఫోటోలూ ఒక్క లెన్స్‌తోనే తీసినాడా?"

"ఒక్కదాంతోనే సార్. ఐదు నిమిషాలే కదా తేడా."

"ట్రైపాడ్ జరగలా?"

"జరగదు."

"మరి దీంట్లో అడ్డం వరసకు తొమ్మిది ఇటుకలే ఉండాయి. దాంట్లో పద్నాలుగు. మిగతా ఐదు యాడ పోయినాయి?"

"ఆ కెమెరాలోది చిన్న సెన్సార్ సార్, అంటే బొమ్మ పట్టే పలక. లెన్స్ వెలుగును గుండ్రంగా పంపిస్తాది. పెద్ద సెన్సార్ మొత్తం పట్టుకుంటాది. చిన్నది నడిమి భాగం మాత్రమే. అంచులు దాంట్లో పడవు. మూలలు అసలు..."

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హఫ్సా ఒక్క ఉదుటున కంప్యూటర్ దగ్గరికి పోయి ఆ సాయంత్రం తీసిన ఫోటోలు తెరిచింది. మొదటిది. రెండోది. ఆమె పెదవులు లెక్కపెడుతూ కదిలాయి. రెండో ఫోటో దగ్గర ఆగాయి.

"రేపు నాలుగున్నరకు," అన్నాడు మారప్ప మెల్లగా. "ముగ్గుర్నీ మళ్ళీ పిలిపిస్తా."

శుక్రవారం. సాయంత్రం 4:30.

గదిలో ముగ్గురు ఫోటోగ్రాఫర్లు. గుమ్మంలో చెంగయ్య. కింద మెట్ల దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"నిన్న నేను తప్పు పని చేసినా," అన్నాడు మారప్ప. "మూడు లెన్సులు, మూడు కెమెరాలు. అట్ల పోలిస్తే ఏం తెలుస్తాది? ఈ పొద్దు కెమెరా ఒక్కటే, జిలాన్‌ది. కడియం కూడా ఆయనదే. లెన్సులు మాత్రం మారతాయి. హఫ్సమ్మా, కానీ."

హఫ్సా ఖైసర్ లెన్స్ తగిలించింది. క్లిక్. నాలుగు మూలలూ శుభ్రం.

నరేష్‌ది. క్లిక్. శుభ్రం.

మూడోది ఆమెకు మొదటిసారి కడియానికి తగులుకోలేదు. మారప్ప చూశాడు కానీ సాయం పోలేదు. ఆ పని ఆమే చేయాలి.

క్లిక్.

ఫోటో తెర మీదకు వచ్చింది. అడ్డం వరసకు పద్నాలుగు ఇటుకలు. కింద, ఎడమ మూల, ప్రతి సందూ రెండు గీతలుగా చీలి ఉంది.

సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"కిరణప్పా," అన్నాడు మారప్ప. "నీది చిన్న కెమెరా. నడిమి మాత్రమే సూస్తాది. ఈ లెన్స్ మూల ఎట్లుంటాదో నువ్వు ఏ పొద్దూ సూడలా. అందుకే నవ్వుతా నా చేతిలో పెట్టినావు. జిలాన్ కూడా ముందు చిన్నదాంట్లోనే తీసినాడు, 4:31కి. ఏమీ కనబడలా. 4:36కి పెద్దదాంట్లో పెట్టినాడు. అప్పుడు కనబడింది, తన మేనల్లుడి లెన్స్."

"సెకండ్ హ్యాండ్ సార్..." కిరణ్ తెర నుంచి చూపు తిప్పుకున్నాడు. "ఎవరో అమ్మితే కొన్నా. అది దొంగదని నాకేం తెలుసు?"

"సరే, కొన్నావు. మంగళవారం పొద్దున పదిన్నరకే తీసుకున్నానంటివే?"

"అవును సార్."

"మరి సాయంత్రం 4:36కి ఇది ఈ కెమెరాకు ఎట్ల తగులుకుంది?"

కిరణ్ గుమ్మం వైపు చూశాడు.

"కొన్నవాడైతే అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఆ టైముకు లెన్స్ ఈడ ఉండాది. అరగంట తర్వాత లెన్స్ లేదు, జిలాన్ లేడు. చెప్పు. ఆయప్ప ఏమన్నాడు?"

కిరణ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"తిట్టలా సార్," అన్నాడు. "స్టూల్ ఏసి కూర్చోమన్నాడు. ఇది మా తాహిర్‌ది, నీకు యాడ దొరికిందో చెప్పు నాయనా అన్నాడు. పోలీసుల దగ్గరికి పోయేముందు నీ నోటితో ఇనాలని ఉండాది అన్నాడు. ఎట్ల గుర్తుపట్టినాడో నాకు అర్థం కాలా. నాకు తాహిర్ ఈయన మేనల్లుడని తెలీదు సార్. తెలిస్తే ఈ ఊరికే తెచ్చేవాణ్ణి కాదు. లెన్స్ పీక్కుని పరిగెత్తినా. మెట్ల మీద పట్టుకున్నాడు. అట్ట చిరిగింది. తోసేసినా. సచ్చిపోతాడనుకోలా."

"తాహిర్?"

"పెండ్లి పని ముగించుకుని తెల్లారుజామున కారులో వస్తాండా. కల్వర్టు దగ్గర కన్ను మూతపడింది. బైక్‌ను గుద్దేసినా. దిగి సూస్తే బతికే ఉండాడు. నీళ్ళడిగినాడు. ఫోన్ చేద్దామంటే నా దాంట్లో సిగ్నల్ లేదు. వాడి ఫోన్ కోసం బ్యాగ్ తెరిసినా. అంతలో దూరంగా లారీ లైట్లు పడినాయి. భయపడి బ్యాగ్‌తోనే కారెక్కేసినా."

హఫ్సా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"కెమెరా ఏం చేసినావు?"

"ఆ దారిలోనే పాడుబడ్డ బావిలో ఏసినా. లెన్స్ కూడా ఏయాలనే తీసినా సార్. అంత మంచి లెన్స్ నేను జన్మలో కొనలేను. పారేయడానికి సెయ్యి రాలా."

నరేష్ ఒక్కసారిగా లేచాడు. చెంగయ్య అడ్డం పడకపోతే కిరణ్ గొంతు అతని చేతుల్లో ఉండేది.

"కూర్చో నరేషప్పా," అన్నాడు మారప్ప. "ఇది ఇంక కోర్టు చూసుకుంటాది."

శనివారం పొద్దున 11:20కి పెద్దపంజాణి దగ్గర బావిలోంచి కెమెరా బయటికి వచ్చింది. బురద కడిగితే అడుగున నెంబరు కనబడింది.

మధ్యాహ్నం 1:15కి మారప్ప జీప్ పుంగనూరులో లాల్ బీ ఇంటి ముందు ఆగింది. అతను ఒక్కడే దిగాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

లాల్ బీ చాటలో బియ్యం చెరుగుతోంది. తమ్ముడు జిలాన్ పోయి నాలుగు రోజులే. మారప్పను చూసి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. అతను గడప మీదే కూర్చుని అంతా చెప్పాడు. కారు, కల్వర్టు, లారీ లైట్లు, బావి. ఆమె లోపలికి పోయి తాహిర్ కెమెరా అట్టపెట్టె తెచ్చింది. పెట్టె మీది నెంబరూ, కాగితంలో అతను రాసుకొచ్చిన నెంబరూ ఒకటే.

"అప్పుడు బతికుండాడా నా బిడ్డ?" అని అడిగింది.

లేదమ్మా, తక్షణమే పోయినాడని చెప్పొచ్చు. దారి పొడుగునా ఆ మాటే సిద్ధం చేసుకుంటూ వచ్చాడు మారప్ప. ఈ ఇంటి మనిషికి రెండేళ్ళ కిందట కూడా ఇలాగే సులువైన మాట ఒకటి చెప్పాడు.

"ఉండాడమ్మా. నీళ్ళడిగినాడంట. ఆ కిరణ్ ఇయ్యలా."

లాల్ బీ చాట పక్కన పెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు నిద్రమత్తని చెప్పినావు. నిజమే అనుకున్నా. రెండేండ్లుగా దినామూ నా బిడ్డనే తిట్టుకుంటా ఉండానప్పా. నిద్ర సాలకుండా యాల బండెక్కినావురా, తల్లి మాట యాల ఇనలేదురా అని. వాడిది ఏం తప్పు లేదా?"

"లేదమ్మా. తప్పు కిరణ్‌ది. సరిగ్గా చూడకుండా ఫైలు మూసిన తప్పు నాది. పాత కేసు తెరవమని కోర్టుకు రాస్తా. దాంట్లో నా పేరు కూడా రాస్తా. నువ్వు మళ్ళీ ఒక కంప్లైంట్ ఇయ్యాల."

"ఈసారి బ్యాగ్ పోయిందని రాయొద్దు," అంది లాల్ బీ. "నా బిడ్డను సంపినారని రాయి."

మారప్ప తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె చెబుతుంటే, ఒక్క మాట కూడా మార్చకుండా రాయడం మొదలుపెట్టాడు.